జత తెగాక అసలేది, నకలేది?

(స్టోరేజ్ ఇంజినీర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈ రోజు నాకు అప్పగించిన అంశం వినడానికి చాలా చిన్నది. రెండు వాల్యూములు (సర్వరుకు డిస్కుల్లా కనిపించే నిల్వలు) మిర్రర్‌లో ఉన్నాయి, ఒకదానిలో రాసింది రెండోదానికి కాపీ అవుతోంది, ఆ జత ఇక అక్కర్లేదు, కమాండ్ లైన్ నుంచి దాన్ని తీసేయాలి. హిటాచీ బాక్సుల, అంటే స్టోరేజ్ యంత్రాల, మీద పనిచేసేవారికి జవాబు నోటికి వచ్చు. పెయిర్‌స్ప్లిట్, గ్రూపు పేరు, చివర పెద్ద ఎస్. ఎంటర్ నొక్కితే కాసేపటికే ప్రాంప్టు తిరిగి వస్తుంది. పని అంతటితో అయిపోయేదే అయితే సెలవు రోజు పొద్దున్నే మీరంతా ఇక్కడికి వచ్చేవారు కాదు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. జత తీసేస్తే డేటా పోదు. రెండు వాల్యూముల్లోనూ ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. పోయేది వాటి మధ్య సంబంధం. ఏది అసలు, ఏది నకలు, ఎవరు ఎవరికి కాపీ పంపుతున్నారు, చివరిసారి కలిసిన తర్వాత ఏమేం మారాయి అన్న సమాచారమంతా ఆ ఒక్క కమాండుతో చెరిగిపోతుంది. పురిటి ఆసుపత్రిలో కవలల చేతులకు కట్టిన పట్టీలు ఒకేసారి తీసేసినట్టు. పిల్లలిద్దరూ క్షేమమే, కానీ ఇక ఎవరు ఎవరో చెప్పడానికి పట్టీలు లేవు. నేను చూసిన ప్రమాదాల్లో ఎక్కువ భాగం జత తీసేసిన కమాండు వల్ల జరిగినవి కావు. ఆ తర్వాత, 'ఇక ఈ పాత నకలు ఎందుకు, ఖాళీ చేసేద్దాం' అనుకున్న ఘడియలో జరిగినవి.

ఉదాహరణలన్నీ హిటాచీవే తీసుకుంటాను, నాకు బాగా చేతి అలవాటు ఉన్నది అదే కాబట్టి. దాని కమాండు సాధనాన్ని కొందరు సీసీఐ అంటారు, పాతవాళ్లు రెయిడ్ మేనేజర్ అంటారు. సర్వరులో హార్కామ్ అనే డీమన్ (తెర వెనుక ప్రోగ్రాం) నడుస్తుంటుంది. మనం ఇచ్చే కమాండు హార్కామ్‌కు వెళ్తుంది, హార్కామ్ దాన్ని కమాండ్ డివైస్ (కమాండుల కోసమే కేటాయించిన వాల్యూమ్) ద్వారా బాక్సుకు అందిస్తుంది. సాధారణంగా హార్కామ్‌కు రెండు ఇన్‌స్టెన్సులు (విడివిడిగా నడిచే ప్రతులు) ఉంటాయి, ఒకటి ఈ వైపు వాల్యూములకు, ఒకటి ఆ వైపు వాల్యూములకు. ఒక్కో ఇన్‌స్టెన్సుకు ఒక్కో కాన్ఫిగ్ ఫైలు. గ్రూపు పేరు, అందులో ఒక్కో జత పేరు, బాక్సు సీరియల్ నంబరు, ఎల్‌డెవ్ (బాక్సు లోపలి వాల్యూమ్) నంబరు, అవతలి ఇన్‌స్టెన్సు చిరునామా, ఇవన్నీ ఆ ఫైల్లో ఉంటాయి.

ఇక్కడే కొత్తవాళ్లలో ఒక అపోహ కనిపిస్తుంది. కాన్ఫిగ్ ఫైల్లోంచి ఆ వరుస తీసేస్తే జత పోయిందనుకుంటారు. పోదు. జత ఉండేది బాక్సులో. ఫైలు మన చేతిలోని చిరునామా పుస్తకం మాత్రమే. ఫైలు ముందు చెరిపేసి, సర్వరును రిటైర్ చేసేసి, జతలను బాక్సులో అలాగే వదిలేసిన చోట్లు ఎన్నో ఉన్నాయి. రెండేళ్ల తర్వాత ఎవరో ఆ ఎల్‌డెవ్‌ను తొలగించబోతే బాక్సు ఒప్పుకోదు. ఎందుకని రెయిడ్‌కామ్ గెట్ ఎల్‌డెవ్ కొట్టి చూస్తే, వాల్యూమ్ అట్రిబ్యూట్ దగ్గర హార్క్ అనో ఎంఆర్‌సీఎఫ్ అనో కనిపిస్తుంది. మొదటిది రిమోట్ కాపీలో ఉందని గుర్తు, రెండోది అదే బాక్సులోని షాడోఇమేజ్ కాపీలో ఉందని. అప్పుడు పాత ఫైలు లేదు, గ్రూపు పేరు ఎవరికీ తెలియదు. తెగని జత కోసం ఫైలు మళ్లీ రాసి, హార్కామ్ మళ్లీ లేపి, అప్పుడు తెంచాలి. కాబట్టి ముందు బాక్సులో జత, ఆ తర్వాతే ఫైల్లో వరుస.

ఇప్పుడు అసలు పని దగ్గరికి వద్దాం. మొదట కొట్టాల్సింది పెయిర్‌డిస్‌ప్లే. గ్రూపు పేరు ఇచ్చి, ఎఫ్‌సీఎక్స్‌ఈ ఆప్షన్ పెట్టండి. సీ వల్ల కాపీ శాతం వస్తుంది, ఎక్స్ వల్ల ఎల్‌డెవ్ నంబర్లు హెక్సాలో వస్తాయి. నంబర్లు హెక్సాలో చూడటం ముఖ్యం, ఎందుకంటే మార్పు అభ్యర్థనలో ఎవరో డెసిమల్‌లో రాసి ఉంటారు, ఇద్దరూ వేర్వేరు వాల్యూముల గురించి మాట్లాడుకుంటూ ఉంటారు.

వచ్చిన వరుసలు మెల్లగా చదవండి. ఒక్కో జతకు రెండు వరుసలు. ఒకదాని పక్కన ఎల్, ఇంకోదాని పక్కన ఆర్. ఎల్ అంటే మీరు కమాండు ఇచ్చిన ఇన్‌స్టెన్సు వైపు వాల్యూమ్, ఆర్ అంటే అవతలి వైపుది. చాలామంది ఎల్ ఉంటే అదే ప్రైమరీ అనుకుని ముందుకు పోతారు. ఎల్, ఆర్‌లకూ ప్రైమరీ, సెకండరీలకూ ఏ సంబంధమూ లేదు. మీరు ఎక్కడ కూర్చున్నారో ఎల్ చెబుతుంది, అంతే. ఆ తర్వాత సీరియల్ నంబరు, ఎల్‌డెవ్ నంబరు. దాని పక్కన పీ-వాల్ (ప్రైమరీ, అసలు) అనో ఎస్-వాల్ (సెకండరీ, నకలు) అనో ఉంటుంది. అసలైన కాలమ్ అది. ఆ తర్వాత స్థితి. పెయిర్ అంటే కలిసి నడుస్తున్నాయి. కాపీ అంటే ఇంకా నింపుతోంది. పీఎస్‌యూఎస్ అంటే మనమే ఆపాం. పీఎస్‌యూఈ అంటే ఏదో లోపం వల్ల దానంతట అది ఆగింది. ఎస్ఎంపీఎల్ అంటే జతే లేదు.

స్థితి కాపీలో ఉండగా జత తీసేయకూడదు. బాక్సు అడ్డుపడదు, తీసేస్తుంది. కానీ ఎస్-వాల్‌లో సగం కొత్త డేటా, సగం పాత చెత్త మిగులుతాయి. పైకి చూస్తే అది కూడా ఒక వాల్యూమే. ఎవరైనా తర్వాత దాన్ని మౌంట్ చేసి, ఫైల్ సిస్టమ్ పాడైందని మీ దగ్గరికే వస్తారు.

ఆ తెరమీద కనిపించినదాన్ని ఒక ఫైల్లో దాచండి. మార్పు టికెట్‌కు జోడించండి. ఎందుకింతగా చెబుతున్నానంటే, పెద్ద ఎస్ కొట్టిన మరుక్షణం అదే పెయిర్‌డిస్‌ప్లే మళ్లీ కొట్టి చూడండి. రెండు వరుసల్లోనూ ఎస్ఎంపీఎల్ అని ఉంటుంది, పీ-వాల్, ఎస్-వాల్ ఉన్న చోట గీతలు ఉంటాయి. ఏది ఏదో ఇక ఆ కమాండు చెప్పదు. ఆడిట్ లాగ్ తవ్వి తెలుసుకోవాలి. ఆ పనేదో అర్ధరాత్రి రెండింటికి చేసే బదులు ముందే ఒక ఫైలు దాచుకోవడం తేలిక.

మరి జత ఉన్నంతకాలం బాక్సు మనకు కాపలా కాస్తుంది. జతలో ఉన్న ఎల్‌డెవ్‌ను తొలగించనివ్వదు. రిమోట్ జతలో ఎస్-వాల్ మీద హోస్ట్ (సర్వరు) రాయబోతే తిరస్కరిస్తుంది. జత తెగిన వెంటనే ఈ కాపలాలన్నీ ఎత్తేస్తుంది. ఎస్-వాల్ మామూలు వాల్యూమ్ అయిపోతుంది, ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా ఫార్మాట్ చేయొచ్చు.

దీనికి డీఆర్ డ్రిల్, అంటే ప్రధాన కేంద్రం పోతే పని అందుకునే డిజాస్టర్ రికవరీ కేంద్రంతో చేసే సాధన, తోడైతే చూడండి ఏమవుతుందో. మన దేశంలో పెద్ద ఆర్థిక సంస్థలకు ముంబైలో డేటా సెంటర్, హైదరాబాద్‌లో డీఆర్ ఉండటం మీకు తెలిసిందే. భూకంప మండలాల లెక్కలో ముంబై కన్నా హైదరాబాద్‌కు ముప్పు తక్కువ, సముద్రమూ దూరం. డ్రిల్ రోజు హైదరాబాద్ నుంచి అప్లికేషన్ నడుపుతారు. టేకోవర్ కమాండు జరిగాక పాత్రలు మారతాయి. హైదరాబాద్ వాల్యూమ్ పీ-వాల్ అవుతుంది, ముంబైది ఎస్-వాల్. కొన్నాళ్లు అలాగే నడిపి వెనక్కి వస్తారు. కొన్ని గ్రూపులు మాత్రం వెనక్కి రావు, ఎవరో మర్చిపోతారు, అప్లికేషన్ ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తూనే ఉంటుంది. కాన్ఫిగ్ ఫైల్లో పేర్లు మాత్రం మారవు. ముంబై ఇన్‌స్టెన్సుకు ప్రైమరీ అనే పేరు పెట్టి ఉంటే అది ప్రైమరీగానే పిలిపించుకుంటుంది, లోపల ఎస్-వాల్ ఉన్నా సరే. ఏడాది తర్వాత ఆ హైదరాబాద్ బాక్సును మార్చాలి. పత్రంలో 'జతలు తీసేసి, డీఆర్ వైపు వాల్యూములు తొలగించండి' అని రాసి ఉంటుంది. జత తీసేయడంతో ఏమీ జరగదు. రెండో పని చేస్తేనే నడుస్తున్న అప్లికేషన్ కింది నేల పోతుంది. పెయిర్‌డిస్‌ప్లేలోని ఆ పీ, ఎస్ కాలమ్ ఒక్కసారి చదివి ఉంటే పత్రం తప్పని తెలిసిపోయేది.

దూరం సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. ఫైబర్‌లో కాంతికి కిలోమీటరుకు సుమారు 5 మైక్రోసెకన్లు పడుతుంది. వెళ్లి రావడానికి పది. ముంబై, హైదరాబాద్ మధ్య గీత గీసి కొలిస్తే 600 కిలోమీటర్లు దాటుతుంది, కేబుల్ దారి ఇంకా ఎక్కువ. అంటే ప్రతి రాతకూ కనీసం ఆరు మిల్లీసెకన్లు అదనం. కోర్ బ్యాంకింగ్ డేటాబేసు దాన్ని భరించదు. అందుకే దూరపు డీఆర్‌కు రాతలను వరుసగా దాచుకునే జర్నల్‌తో నడిచే అసింక్రనస్ (అవతలి జవాబు కోసం ఆగని) కాపీ, యూనివర్సల్ రెప్లికేటర్. అదే ఊళ్లోనో, పక్కనో ఉన్న నియర్ డీఆర్‌కు సింక్రనస్ (రెండు వైపులా రాశాకే జవాబిచ్చే) ట్రూకాపీ. ఒకే పీ-వాల్‌కు రెండు వైపులా రెండు జతలు. ఇక అదే వాల్యూమ్‌కు బ్యాకప్ కోసం అదే బాక్సులో షాడోఇమేజ్ ఉంటే మూడో జత. షాడోఇమేజ్‌లో నకళ్లకు నకళ్లు కలిపితే ఒక అసలుకు 9 వరకూ ఎస్-వాల్‌లు పెట్టొచ్చు. ఇన్నిట్లో మీరు తీసేయాల్సింది ఏది?

మనలో అనుభవజ్ఞులకు కూడా ఇక్కడ చెయ్యి జారుతుంది. కమాండు దేని గురించో నిర్ణయించేది కమాండు వరుస ఒక్కటే కాదు, షెల్‌లోని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ కూడా. హెచ్ఓఆర్‌సీసీ అండర్‌స్కోర్ ఎంఆర్‌సీఎఫ్ అనే వేరియబుల్ పెట్టి ఉంటే కమాండు షాడోఇమేజ్ జత మీద పనిచేస్తుంది. లేకపోతే రిమోట్ జత మీద పనిచేస్తుంది. అదే గ్రూపు, అదే ఎల్‌డెవ్, అదే పెద్ద ఎస్. బ్యాకప్ నకలు తీసేద్దామని వచ్చి, కొత్త టెర్మినల్ తెరిచి, ఆ వేరియబుల్ పెట్టడం మరిచిపోతే మీరు కొట్టే దెబ్బ డీఆర్ జతకు తగలవచ్చు. హార్కామ్ ఇన్‌స్ట్ అనే ఇంకో వేరియబుల్ ఏ ఇన్‌స్టెన్సుతో మాట్లాడాలో చెబుతుంది. దానిదీ ఇదే కథ. నా సలహా, వేరియబుళ్లను నమ్మవద్దు. కమాండులోనే పెద్ద ఐ ఆప్షన్‌తో ఇన్‌స్టెన్సు నంబరునూ, ట్రూకాపీయా షాడోఇమేజా అన్నదాన్నీ రాయండి. నాలుగు అక్షరాలు ఎక్కువ టైపు చేస్తారు, పోయేదేమీ లేదు. పైగా ఆ వరుసను ఇంకొకరు చూసినా దేని గురించో అర్థమవుతుంది.

గ్రూపులో ఒక్క జత పేరు చెప్పే డీ ఆప్షన్ సంగతి కూడా చెప్పాలి. జత పేరు ఇవ్వకుండా గ్రూపు పేరు మాత్రమే ఇస్తే గ్రూపులో ఉన్న జతలన్నీ తెగుతాయి. నలభై జతల్లో ఒక్కటే తీసేయాల్సినప్పుడు ఈ తేడా ఎంత ఉంటుందో చెప్పనక్కర్లేదు.

అడ్డు చెప్పే విషయంలో ఒక్కో కంపెనీది ఒక్కో స్వభావం. ఐబీఎం డీఎస్8000లో ఆర్‌ఎమ్‌పీపీఆర్‌సీ కొడితే 'ఖాయమేనా' అని అడుగుతుంది, వై అని చెబితేగానీ కదలదు. స్క్రిప్టులో క్వయట్ అని పెట్టి మనమే దాని నోరు మూయిస్తాం, అది వేరే సంగతి. ఈఎంసీ వాళ్ల ఎస్ఆర్‌డీఎఫ్ 1994 నుంచీ ఉంది. అందులో సిమ్‌ఆర్‌డీఎఫ్ డిలీట్‌పెయిర్ కొట్టాలంటే ముందు ఆ జతను సస్పెండ్ చేసి ఉండాలి. కలిసి నడుస్తున్న జతను నేరుగా తెంచనివ్వదు. హిటాచీ పెయిర్‌స్ప్లిట్ ఏమీ అడగదు. చెప్పింది చేస్తుంది. నాకు ఈఎంసీ పద్ధతే నచ్చుతుంది. అందుకే హిటాచీలో కూడా ఆ క్రమశిక్షణను మనమే పెట్టుకోవాలని అంటాను.

అంటే, ముందు పెద్ద ఎస్ లేకుండా పెయిర్‌స్ప్లిట్ ఇవ్వండి. అది ఆపడం మాత్రమే. స్థితి పీఎస్‌యూఎస్ అవుతుంది. ఆ క్షణం నుంచి ఏ ట్రాకులు మారాయో బాక్సు బిట్‌మ్యాప్‌లో గుర్తుపెట్టుకుంటూ ఉంటుంది. మనసు మారితే పెయిర్‌రీసింక్ ఇస్తే మారిన ముక్కలే వెళ్తాయి. పెద్ద ఎస్ ఇచ్చారంటే ఆ బిట్‌మ్యాప్ పోయినట్టే. మళ్లీ కలపాలంటే మొదటి బ్లాకు నుంచి చివరి బ్లాకు దాకా కాపీ చేయాలి. 20 టెరాబైట్ల గ్రూపు, మధ్యలో ఒక గిగాబిట్ లింకు అనుకోండి. లింకు మొత్తం మీకే ఇచ్చినా 44 గంటలు పడుతుంది, మీకు ఎవరూ మొత్తం ఇవ్వరు. ఆ రెండు రోజులూ మీకు డీఆర్ లేదు. ఆపి ఒక రోజో, వారమో ఉంచడానికి ఖర్చు లేదు. ఎవరూ కేకలు వేయకపోతే అప్పుడు తెంచండి.

ఆపడంలో ఇంకో లాభం ఉంది. ఎస్-వాల్‌లను ఎక్కడైనా వాడుకోవాలనుకుంటే, గ్రూపు మొత్తాన్ని కన్సిస్టెన్సీ గ్రూపుగా ఒకే క్షణంలో ఆపొచ్చు. డేటాబేసు డేటా ఫైళ్లూ, లాగ్ ఫైళ్లూ ఒకే ఘడియవి అవుతాయి. నడుస్తున్న జతలను నేరుగా తెంచితే ఒక్కోటి ఒక్కో క్షణంలో తెగుతుంది. అలాంటి నకలు లేచినా లేవొచ్చు, లేవకపోనూ వచ్చు.

తెంచమని చెప్పాక ప్రాంప్టు వచ్చింది కదా అని తర్వాతి పనికి పోకండి. పెయిర్ ఈవెంట్ వెయిట్ అనే కమాండు ఉంది. గ్రూపు పేరు, ఎదురుచూడాల్సిన స్థితి ఎస్ఎంపీఎల్, ఎన్ని సెకన్లు ఆగాలో చెప్పండి. స్థితి వచ్చాకే అది తిరిగి వస్తుంది. స్క్రిప్టు రాసేవాళ్లు మధ్యలో 'స్లీప్ 60' అని పెడుతుంటారు. అది మొక్కుబడి, తనిఖీ కాదు.

ప్రశ్న అడుగుతున్నారు, అడగండి. మైకు లేకపోయినా పరవాలేదు, నేను మళ్లీ చెబుతాను. 'అవతలి బాక్సు చనిపోయింది, లింకు లేదు, అప్పుడెలా తెంచాలి' అంటున్నారు.

మంచి ప్రశ్నండి. ప్రైమరీ సైటు పోయి, మీరు ఎస్-వాల్ వైపు ఉన్నారనుకోండి. అక్కడి నుంచి పెయిర్‌స్ప్లిట్‌కు పెద్ద ఆర్ ఆప్షన్ ఇస్తే ఎస్-వాల్ బలవంతంగా సింప్లెక్స్ (ఎస్ఎంపీఎల్) అవుతుంది. కానీ అది ఒక వైపు మాత్రమే తెగడం. అవతలి బాక్సు తిరిగి లేచాక, తనకు ఇంకా జత ఉందనే అనుకుంటూ ఉంటుంది. ఆ సగం జతను కూడా వెతికి తీసేయాలి. ఐబీఎంలో అన్‌కండిషనల్ అని పెట్టి, ఏ వైపున తెంచాలో చెప్పేదీ ఇదే పని. అయితే దుర్ఘటన రోజు మీకు కావలసింది సాధారణంగా ఇది కాదు. పెద్ద ఆర్, పెద్ద ఎస్ రెండూ ఒకే ఆప్షన్‌గా కలిపి ఇస్తే (ఇక్కడ ఆ ఎస్ జతను తెంచదు) ఎస్-వాల్ రాయడానికి తెరుచుకుంటుంది, బిట్‌మ్యాప్ మిగులుతుంది, రేపు వెనక్కి రావచ్చు. రెండు కమాండులకూ తేడా ఒక్క అక్షరం. ఆందోళనలో ఉన్నప్పుడు పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకుని, కొట్టే ముందు ఆ వరుసను బయటకు చదవండి.

ఇంకో ప్రశ్న, 'తెంచాక ఆ పాత ఎస్-వాల్‌ను అదే సర్వరుకు ఇవ్వవచ్చా?' ఇవ్వవచ్చు, కానీ అది అసలుకు అచ్చు నకలు. లోపలి గుర్తులు కూడా నకలే. లినక్స్ ఎల్‌వీఎంలో వాల్యూమ్ గ్రూపు గుర్తింపు రెండు చోట్లా ఒకటే అవుతుంది. వీజీ ఇంపోర్ట్ క్లోన్ వాడి కొత్త గుర్తింపు ఇవ్వాలి. ఐబీఎం ఏఐఎక్స్‌లో డిస్కు గుర్తింపులైన పీవీఐడీలు తగువు పడతాయి, రీక్రియేట్ వీజీ ఉంది. విండోస్ రెండో డిస్కును ఆఫ్‌లైన్‌లో పెడుతుంది. వీఎంవేర్ దాన్ని స్నాప్‌షాట్‌గా భావించి కొత్త సంతకం పెట్టమంటుంది. ఈ అడ్డంకులు మీ మంచికే ఉన్నాయి, ఫోర్స్ ఆప్షన్‌తో దాటకండి.

గ్లోబల్ యాక్టివ్ డివైస్ వాడేవారు చెయ్యి ఎత్తండి. ముగ్గురు, నలుగురు. మీకు ప్రత్యేకంగా ఒక మాట. అక్కడ రెండు బాక్సుల్లోని వాల్యూములు హోస్టుకు ఒకే వాల్యూమ్‌లా కనిపిస్తాయి. జత తెంచితే ఎస్-వాల్ తన వర్చువల్ గుర్తింపును పోగొట్టుకుంటుంది. ఆ వైపు దారుల మీద ఇంకా ఐఓ (చదవడం, రాయడం) పోతుంటే హోస్టులో లోపాలు వరదలా వస్తాయి. ముందు మల్టీపాత్‌లో ఆ దారులు తీసేయండి, తర్వాత జతను ఆపండి, ఆ తర్వాతే తెంచడం.

చివరిగా క్రాన్, అంటే చెప్పిన వేళకు స్క్రిప్టులను నడిపేది. దీన్ని ఎవరూ పట్టించుకోరు. రాత్రి బ్యాకప్ స్క్రిప్టుల్లో చాలా చోట్ల ఒక తెలివి ఉంటుంది. స్థితి ఎస్ఎంపీఎల్ ఉంటే పెయిర్‌క్రియేట్ చేయి, లేకపోతే పెయిర్‌రీసింక్ చేయి అని. మీరు పగలు తెంచిన జతను ఆ స్క్రిప్టు రాత్రి మళ్లీ కడుతుంది. అప్పటికే ఆ ఎస్-వాల్‌ను ఇంకో టీముకు ఇచ్చి ఉంటే, వాళ్ల డేటా మీద పాత అసలు కాపీ అయిపోతుంది. పెయిర్‌క్రియేట్‌లో వీఎల్ అంటే నా వైపు నుంచి అవతలికి, వీఆర్ అంటే అవతలి నుంచి నా వైపుకి. స్క్రిప్టు ఏ ఇన్‌స్టెన్సులో నడుస్తోందో తెలియక దిశ తిరగబడితే దెబ్బ అసలుకే. కాబట్టి జత తెంచేముందే క్రాన్ వరుస కామెంట్‌లో పెట్టండి. తెంచాక ఫైల్లోంచి గ్రూపు తీసి హార్కామ్‌ను మళ్లీ లేపండి. ఎస్-వాల్‌కు లన్ దారులు (సర్వరుకు అది కనిపించే దారులు) తీసేసి, ఎల్‌డెవ్‌ను మాత్రం అలాగే ఉంచండి, కనీసం ఒక నెలాఖరు లెక్కలు దాటేవరకు. ఆ తర్వాత గ్రూపులన్నీ పోయాకే రిమోట్ దారి తీసేయాలి. బ్యాంకు డేటా ఉన్న వాల్యూములైతే పూల్‌కు తిరిగి ఇచ్చే ముందు వాల్యూమ్ ష్రెడర్‌తో చెరిపించి, ఆ రిపోర్టును ఆడిట్ వాళ్లు అడగకముందే టికెట్‌కు జోడించేయండి. టీ విరామం తర్వాత జర్నల్ వాల్యూముల తొలగింపు చూద్దాం, ల్యాబ్ బాక్సులో రెండు గ్రూపులు సిద్ధంగా ఉంచాను.